యాంటీవైరస్ ఏళ్ల తరబడి ఒకటే ఉంచాలా, ఏటా మార్చాలా?

పలాస పద్దులు (పలాస)

అందరికీ నమస్కారం. ఇక్కడ జీడిపప్పు ఫ్యాక్టరీలో పద్దులు రాస్తాను. ఆఫీసులో నాలుగు కంప్యూటర్లు. ఒకదాంట్లో టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) సర్వర్ నడుస్తుంది, మిగతా మూడూ దానికి కలిపి ఉంటాయి. యాంటీవైరస్ నేను చేరకముందు నుంచీ క్విక్ హీలే. కాశీబుగ్గలో డబ్బా కొంటాం, షాపాయన వచ్చి కీ కొట్టి వెళ్తాడు, మళ్లీ ఏడాది దాకా దాని ఊసుండదు. ఈ నెలాఖరుకి లైసెన్సు అయిపోతోంది.

కొత్తగా చేరిన కుర్రాడు ఏటా మార్చేద్దామంటున్నాడు. పాతవాళ్ల దగ్గర రెన్యువల్‌కి గుంజుతారు, కొత్తవాళ్లకి తగ్గించి ఇస్తారు, అందుకని ప్రతిసారీ కొత్త గిరాకీలాగే వెళ్లాలంటాడు. మా షావుకారు గారు ఒప్పుకోరు. ఇన్నేళ్లు కాపాడినదాన్ని ఎందుకు తీసేయాలి అని ఆయన మాట. ఆయనది మొండిపట్టు అని నేననుకోను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, నెట్ లేదు. సిస్టమ్‌లు మళ్లీ ఆన్ చేసిన రోజు ఆ షాపాయనే పెన్‌డ్రైవ్‌లో అప్‌డేట్ ఫైలు పట్టుకొచ్చి నాలుగింటికీ ఎక్కించి వెళ్లాడు. ఆ గురి అలా ఉండిపోయింది.

నాకు ఇద్దరి మాటల్లోనూ న్యాయం కనిపిస్తోంది. సీజన్‌లో సిస్టమ్ ఒక్క పూట ఆగితే ఈ-వే బిల్లు రాదు, లారీ గేటు దాటదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కోట జంక్షన్ (విజయనగరం)

మార్చండి. రెన్యువల్ మెసేజ్ వచ్చిందంటే నేను దాన్ని తీసేస్తాను. అవాస్ట్ వాడాను, ఏవీజీ వాడాను, అవీరా వాడాను, ఇప్పుడు నార్టన్. మొదటి ఏడాది ధరకీ రెండో ఏడాది ధరకీ పొంతనే ఉండదు. మనం కదలమని తెలిస్తే ఎవరు తగ్గిస్తారు? పైగా ఒకరు పట్టలేనిది ఇంకొకరు పడతారు. ఏటా మారితే నాలుగు రకాల చూపులూ సిస్టమ్ మీద పడతాయి.

ఏడురోడ్ల రిపేర్లు (శ్రీకాకుళం)

బాబూ, ఆ మార్చినోళ్ల సిస్టమ్‌లు ఆఖరికి మా బల్ల మీదకే వస్తన్నాయి. ఆమదాలవలస రైస్ మిల్లు నుంచి ఒకటొచ్చింది. వైఫై కలిసుంది, గీతలన్నీ నిండుగా ఉన్నాయి, పింగ్ కొడితే (అవతలి కంప్యూటర్ పలుకుతందా అని చూస్తే) జవాబొస్తంది. బ్రౌజర్లో మాత్రం ఒక్క పేజీ తెరుచుకోదు. వాళ్లు రౌటర్ మార్చీసారు, నెట్ కనెక్షనిచ్చినోడితో గొడవ పడీసారు. నేను నెట్‌వర్క్ అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి చూస్తే ఏటున్నాది? ఎప్పుడో తీసీసిన యాంటీవైరస్ తాలూకు ఫిల్టరు, నెట్ దారికి అడ్డంగా, టిక్కు పెట్టి అలగే ఉంది. దాని కిందన ఇంకో కంపెనీది. ఇంటికి ఇద్దరు కాపలావాళ్లు చెరో తాళం వేసి వెళ్లిపోయినట్టు ఉంది సంగతి. ఆ రెండు టిక్కులూ తీసి రీస్టార్ట్ చేస్తే అన్ని పేజీలూ వచ్చీసేయి.

కంట్రోల్ ప్యానెల్లో అన్‌ఇన్‌స్టాల్ నొక్కీసి పోయిందనుకుంటారు. ఇది మామూలు ప్రోగ్రాం కాదు కదా. మనం ఫైలు తెరిచిన ప్రతిసారీ మధ్యలో ఆపి చూడాలంటే విండోస్ కెర్నల్ (దాని గుండెకాయ) దాకా దాని డ్రైవర్లు దిగాలి. రహస్య లిపిలో వచ్చే హెచ్‌టీటీపీఎస్ పేజీల లోపల చూడాలంటే సొంత సర్టిఫికెట్ పెట్టుకోవాలి. అవన్నీ ఊడాలంటే ఆ కంపెనీ ఇచ్చే రిమూవల్ టూలే వాడాలి. మెకాఫీకి వేరే ఉంది, అవాస్ట్‌కి వేరే, ఈసెట్‌కి వేరే. కొన్ని సేఫ్ మోడ్‌లోనే (విండోస్ అవసరమైనవి మాత్రమే నడిపే పద్ధతిలో) నడపాలి. ఏటా మార్చీవాళ్లలో ఇదంతా చేసీవాళ్లు ఎంతమంది?

నేను క్విక్ హీల్ అమ్ముతాను, ఆ మాట ముందే చెప్తన్నాను. దాని మీద నాకు ఇష్టం కూడా ఉంది. పెట్టినాయన కైలాశ్ కాట్కర్ పుణెలో కాలిక్యులేటర్లు బాగుచేసుకునే మనిషి. డాస్ రోజుల్లో వాళ్ల తమ్ముడు సంజయ్ రాసిన ప్రోగ్రామే ఇంత కంపెనీ అయింది. రిపేరు షాపులోంచి పుట్టింది కాబట్టి ఇప్పటికీ మా లాంటి షాపుల చేతుల మీదగానే ఊళ్లలోకి వెళ్తంది. పలాస షావుకారు గారు పట్టుకున్నది డబ్బాని కాదు, పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చిన ఆ మనిషిని. అందులో తప్పేటుంది?

రాజాం ఇంజినీరు (రాజాం)

కోట జంక్షన్ అన్నా, మీరు తిరిగిన నాలుగు పేర్లూ ఇప్పుడు ఒకే ఇంటివి. 2016లో ఏవీజీని అవాస్ట్ కొనేసింది. అవీరాని నార్టన్ వాళ్లు కొన్నారు. 2022లో నార్టన్, అవాస్ట్ కలిసిపోయాయి. అన్నిటికీ పైనున్న కంపెనీ పేరు జెన్ డిజిటల్. అవాస్ట్‌లోనూ ఏవీజీలోనూ నడిచే ఇంజిన్, అంటే వైరస్‌ని పట్టే లోపలి భాగం, ఒక్కటే. ఒకదాన్నుంచి రెండోదానికి వెళ్తే రంగు మారుతుంది, చూపు మారదు. ఇంజిన్ అద్దెకి తెచ్చుకుని తమ పేరుతో అమ్మే కంపెనీలు కూడా ఉన్నాయి. రొమేనియాకి చెందిన బిట్‌డిఫెండర్ ఇంజిన్ అలా చాలా చోట్ల ఉంటుంది. మారాలనుకుంటే ముందు చూడాల్సింది లోపలున్నది ఎవరిది అన్నది.

నా దృష్టిలో మారడానికి ధర కంటే పెద్ద కారణం ఒకటుంది. 2020 జనవరిలో అవాస్ట్ సంగతి బయటపడింది. తన ఉచిత వెర్షన్ వాడేవాళ్లు ఏయే సైట్లు చూస్తున్నారో పోగుచేసి, జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్మింది. గొడవ కాగానే జంప్‌షాట్‌ని మూసేశారు. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1 కోటి 65 లక్షల డాలర్లు కట్టమంది, ప్రకటనల కోసం బ్రౌజింగ్ వివరాలు అమ్మడానికి వీల్లేదంది. కాపలా కోసం పెట్టుకున్నది మన వివరాలు అమ్ముకుంటే అది ఎన్నేళ్ల అలవాటైనా సరే, ఆ రోజే తీసేయాలి. ఈ విషయంలో నేను మెత్తబడను.

షావుకారు గారి మాటకీ ఒక జవాబుంది. వైరస్ రాలేదన్నది నిజమే కావచ్చు, దానికి కారణం ఆ యాంటీవైరసేనని చెప్పలేం. జర్మనీలో ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలో ఏవీ-కంపారిటివ్స్ అని రెండు సంస్థలు ఏళ్లుగా పరీక్షలు పెడుతున్నాయి. ఏవీ-టెస్ట్ రక్షణకి 6, వేగానికి 6, వాడకానికి 6, మొత్తం 18 మార్కులు వేస్తుంది. పైవరసలో ఉన్నవాటి మధ్య తేడా చాలాసార్లు అర మార్కు. ఆ అర మార్కు కోసం ఏటా సిస్టమ్ గెలకడం ఎందుకు? పరీక్షల్లో వరసగా జారిపోతున్నదాన్ని అభిమానం కొద్దీ ఉంచుకోవడం మాత్రం ఎందుకు?

కోట జంక్షన్

ఒకే ఇల్లు కావచ్చు తమ్ముడూ, ధర మాత్రం ఒకటి కాదు కదా. నాలుగు సిస్టమ్‌ల ఆఫీసుకి ఆ తేడా చిన్నదేం కాదు. ఇంజిన్ ఒకటే అయినప్పుడు తక్కువకి ఇచ్చేదాన్ని తీసుకుంటే నష్టమేంటి? నా మాట మీద నేనున్నాను.

బొబ్బిలి మాస్టారు (బొబ్బిలి)

నేను చాలాకాలంగా కాస్పర్‌స్కై వాడుతున్నాను. బడిలో కంప్యూటర్ ల్యాబు చూసినప్పటి నుంచి అలవాటు. పని చేసుకుంటూ పోతుంది, విసిగించదు. అందుకే 2024 జూన్‌లో అమెరికా ప్రభుత్వం దాని అమ్మకాన్ని తమ దేశంలో నిషేధించినప్పుడు బాధపడ్డాను, శ్రద్ధగా చదివాను కూడా. అక్కడ జూలై 20 నుంచి కొత్త అమ్మకాలు ఆపాలన్నారు, సెప్టెంబరు 29 నుంచి అప్‌డేట్లు కూడా ఇవ్వకూడదన్నారు. రష్యా ప్రభుత్వం ఒత్తిడి తేగలదన్నది వారి అభ్యంతరం. కంపెనీ దాన్ని ఒప్పుకోలేదు. ఆ ఉత్తర్వు అమెరికాకే వర్తిస్తుంది, మనకు కాదు.

ఆ తర్వాత జరిగినదే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. అమెరికాలో ఉన్న వాడుకరుల కంప్యూటర్లలో కాస్పర్‌స్కై తీసేసి, అల్ట్రాఏవీ అనే వేరే ఉత్పత్తిని దించేశారు. చాలామంది పొద్దున్న లేచి చూసేసరికి తాము ఎన్నడూ ఎంచుకోని పేరు తెర మీద ఉంది. ఈమెయిల్ పంపామన్నారు. చదవనివాళ్ల మాటేమిటి? మనం ఎంత అంటిపెట్టుకుని ఉన్నా అవతలివాళ్లు మన తరఫున మారిపోగలరు. అంచేత ఏటా ఒకసారైనా, మార్చినా మార్చకపోయినా, "ఇప్పటికీ దీన్ని ఉంచుకోవడానికి నా దగ్గర కారణం ఉందా" అని చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం. నేను చూసుకున్నాను, ఉంచుకున్నాను. నా కంప్యూటర్లో ఉన్నవి పద్యాలూ మనవల ఫొటోలే. ప్రభుత్వ ఆఫీసులో అయితే అలా చెప్పను.

టెక్కలి 32 (టెక్కలి)

ఎవరి దగ్గరైనా మూడేళ్ల కీ ఉంటే పెట్టండి. లేకపోతే క్రాక్ లింకు ఇచ్చినా పర్వాలేదు.

నిర్వాహకులు

కీలు, క్రాకులు (దొంగ కాపీలు) ఇక్కడ అడగొద్దు. స్టాప్ అని పిలిచే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వైరస్) కుటుంబం ముఖ్యంగా ఇలాంటి క్రాక్ ఫైళ్లతోనే దిగుతుంది. ఒకసారి దిగిందంటే ఫైళ్లన్నిటి పేర్ల చివర తోకలు మారిపోయి, ఫోల్డర్‌కో డబ్బు చీటీ కనిపిస్తుంది. కొనలేకపోతే విండోస్‌లోనే ఉన్న డిఫెండర్ అనే యాంటీవైరస్ ఉచితం. చర్చ కొనసాగించండి.

నరసన్నపేట నెట్ సెంటర్ (నరసన్నపేట)

నా దగ్గర ఉన్నవి జనం వాడే సిస్టమ్‌లు కాబట్టి నా మాట కూడా వినండి. రోజంతా పెన్‌డ్రైవులే. దరఖాస్తులు, హాల్ టికెట్లు, పెళ్లి కార్డు డిజైన్లు. పొద్దున్న ఒకరి పెన్‌డ్రైవ్‌తో షార్ట్‌కట్ వైరస్ వస్తే సాయంత్రానికి అది పది ఊళ్లకి వెళ్తుంది. పెన్‌డ్రైవ్ తెరిస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా కనిపిస్తాయి. అసలు ఫోల్డర్లు ఎక్కడికీ పోవు, దాచేసి ఉంటాయి. పరీక్ష రేపనగా ఒక అమ్మాయి ఫైళ్లు పోయాయని ఏడుస్తుంటే కమాండ్ ప్రాంప్ట్‌లో యాట్రిబ్ కమాండ్ కొట్టి దాపరికం తీశాను, అన్నీ కనిపించాయి. ఆ షార్ట్‌కట్ మీద నొక్కితేనే వైరస్ నడుస్తుంది. అందుకే నా దగ్గర ఎవరు పెన్‌డ్రైవ్ పెట్టినా ముందు స్కాన్, తర్వాతే తెరవడం. ఈ పద్ధతి మారదు. యాంటీవైరస్ ఏ కంపెనీదైనా పెన్‌డ్రైవ్ పెట్టగానే తనంతట తాను స్కాన్ చేసే సెట్టింగు ఉందా లేదా అన్నదే నేను చూస్తాను. చెన్నై కంపెనీ కే7 వాడాను, క్విక్ హీల్ వాడాను, రెండిటిలోనూ ఉంది.

కేంద్ర ప్రభుత్వానిది సైబర్ స్వచ్ఛతా కేంద్రం అని ఉంది, 2017లో సెర్ట్-ఇన్ (కేంద్రం సైబర్ భద్రతా సంస్థ) వాళ్లు మొదలుపెట్టారు. ఉచితంగా బాట్ (కంప్యూటర్‌ని దూరం నుంచి దొంగలు ఆడించే ప్రోగ్రాం) తీసేసే టూల్స్ ఇస్తారు. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ వాళ్లు చేసిన యూఎస్‌బీ ప్రతిరోధ్ కూడా అక్కడే దొరుకుతుంది. అనుమతి లేని పెన్‌డ్రైవ్‌లని ఆపుతుంది. పలాస గారూ, మీ ఆఫీసులో పెన్‌డ్రైవ్‌లు ఎవరెవరు పెడుతున్నారో చూడండి. హమాలీ మేస్త్రి లెక్కలు కూడా ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లోనే వస్తున్నాయి కదా.

చీపురుపల్లి కిరాణా (చీపురుపల్లి)

రెన్యువల్ సంగతి ఒకటి చెప్పాలి. ఆన్‌లైన్‌లో ఆఫర్లో కొన్న ఒక యాంటీవైరస్‌కి ఏడాది తర్వాత పూర్తి ధర నా కార్డు నుంచి పోయింది. కొనేటప్పుడు ఆటో రెన్యువల్ వాళ్లే ఆన్‌లో పెట్టి ఉంచారు. బ్యాంకుకి వెళ్తే ముందురోజు మెసేజ్ వచ్చిందని చూపించారు. రిజర్వ్ బ్యాంక్ నియమం ప్రకారం ఇలా ఆటోమేటిక్‌గా తీసుకునే ముందు కనీసం 24 గంటల ముందు చెప్పాలి, వద్దనుకుంటే ఆపుకునే వీలివ్వాలి. చెప్పారు, నిజమే. అంగడి సామాను మెసేజీల మధ్య అది ఎవరికి కనపడుతుంది? ఏటా మార్చేవాళ్లు పాతదాని మ్యాండేట్ (డబ్బు దానంతటదే తీసుకునే అనుమతి) బ్యాంకు యాప్‌లోకి వెళ్లి రద్దు చేసుకోండి. సాఫ్ట్‌వేర్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు.

పలాస పద్దులు

అందరికీ చాలా థాంక్స్. నెట్ సెంటర్ అక్క చెప్పిన పెన్‌డ్రైవ్ మాట మా దగ్గర అక్షరాలా నిజం. ఇంకో సందేహం. ఏదీ కొనకుండా డిఫెండర్‌తోనే వదిలేస్తే? మా కుర్రాడు ఇప్పుడు ఆ మాట అంటున్నాడు.

రాజాం ఇంజినీరు

ఇంటి సిస్టమ్‌కి అయితే నేను అదే చెప్తాను. 2009లో మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ ఎసెన్షియల్స్‌గా మొదలై, 2012లో విండోస్ 8తో లోపలే వచ్చేసింది. తొలినాళ్లలో పరీక్షల్లో మార్కులు తక్కువే. ఆ రోజుల్లో పడిన చెడ్డపేరు ఇంకా వదల్లేదు, కానీ ఇప్పుడు పైవరసలోనే ఉంటోంది. వేరే యాంటీవైరస్ వేస్తే డిఫెండర్ తనంతట తాను పక్కకి తప్పుకుంటుంది. దాన్ని తీసేస్తే, లేదా లైసెన్సు అయిపోయి అది ఆగిపోతే, మళ్లీ ముందుకొస్తుంది. రెండూ ఒకేసారి పూర్తిగా నడవాలని ఎవరూ పట్టుబట్టొద్దు. ఒకే ఫైలు కోసం ఇద్దరూ పోటీపడి సిస్టమ్ బిగుసుకుపోతుంది.

ఆఫీసుకి అది చాలదు అనను. నాలుగింటినీ ఒక చోట నుంచి చూసుకునే మనిషి ఉన్నారా అన్నది ప్రశ్న.

ఏడురోడ్ల రిపేర్లు

ఉన్నారా? లేరు. అందుకే ఆఫీసుకి కొన్నదే ఉండాలంటన్నాను. డిఫెండర్ మీద నాకు కోపం లేదు, రాత్రి ఎనిమిదికి ఫోన్ చేస్తే అది ఎత్తదు కదా. కాపలా కంపెనీ కూడా ఒక్కోసారి మనల్నే దెబ్బ తీస్తది, అది కూడా ఒప్పుకోవాలి. 2010లో మెకాఫీ ఒక తప్పుడు అప్‌డేట్ ఇచ్చి విండోస్ ఎక్స్‌పీ సొంత ఫైలు ఎస్‌వీసీహోస్ట్‌నే వైరస్ అనీసింది, సిస్టమ్‌లు రీస్టార్ట్ అవుతా కూర్చున్నాయి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ ఇచ్చిన తప్పుడు అప్‌డేట్ దెబ్బకి 85 లక్షల విండోస్ మెషీన్లు నీలం తెర చూపించాయి, హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులిచ్చారు. అలాంటి రోజున సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఫైలు తీసీడానికి మనిషి కావాలి.

పలాస గారికి ఇంకో ముక్క. టాలీ డేటా ఫోల్డర్ స్పీడు కోసం స్కాన్ నుంచి మినహాయించి ఉంటారు మీ షాపాయన. టాలీ లైసెన్సు సర్వర్ పోర్టు ఫైర్‌వాల్‌లో తెరిచుంటారు. డిజిటల్ సంతకానికి ఎమ్‌సైనర్ వాడతన్నారు కదా, అది మీ సిస్టమ్ లోపలే ఒక చిన్న సర్వర్‌లాగ నడుస్తంది, దానికీ అనుమతి ఇచ్చుంటారు. ఏళ్లుగా ఒక్కోటి సర్దుకుంటా వచ్చినవి ఇవన్నీ. కొత్త యాంటీవైరస్ వేసిన మరుక్షణం మొత్తం పోతాయి. సంతకం పడదు, మూడు సిస్టమ్‌లకీ టాలీ లైసెన్సు దొరకదు. ఏటా మార్చుతారా, ఏటా ఇది పడాలి.

రాజాం ఇంజినీరు

రిపేర్ల అన్న చెప్పింది నిజం, ఒక్కటి కలుపుతాను. ఫోల్డర్‌ని మినహాయిస్తే ఆ ఫోల్డర్‌లోకి ఎవరైనా ఏదైనా దింపినా యాంటీవైరస్ చూడదు. మారినా మారకపోయినా ఆ జాబితా ఏడాదికోసారి తెరిచి, అక్కర్లేనివి తీసేయండి. డెస్క్‌టాప్ మొత్తాన్నీ మినహాయించి పెట్టుకున్న ఆఫీసులు చూశాను.

బొబ్బిలి మాస్టారు

పలాస గారూ, అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ నాలుగింటిలోనూ విండోస్ ఏది? 2017 మే 12న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లు దెబ్బతిన్నాయి, శ్రీకాకుళం జిల్లా కూడా ఆ వార్తల్లో ఉంది. అది దూరిన కంతకి మైక్రోసాఫ్ట్ మార్చి నెలలోనే ప్యాచ్ ఇచ్చింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు.

పలాస పద్దులు

మాస్టారూ, ఇప్పుడే చూశాను. మూడింటిలో విండోస్ 11. టాలీ సర్వర్ మాత్రం విండోస్ 10. ప్రాసెసర్ ఇంటెల్ ఐ5, 6వ జనరేషన్ అని రాసి ఉంది.

రాజాం ఇంజినీరు

అయితే డబ్బు ముందు అక్కడ పెట్టాలి. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. ఇళ్లలో వాడేవాటికి నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా ఇస్తామన్నారు, ఆఫీసులకి వేరే లెక్క. విండోస్ 11కి ఇంటెల్ అయితే 8వ జనరేషన్ నుంచే, టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. మీ సర్వర్ ఎక్కదు. డిఫెండర్‌కి వైరస్ నిర్వచనాలు (వైరస్‌లని గుర్తుపట్టే ఆనవాళ్లు) విండోస్ 10లో కూడా 2028 అక్టోబరు దాకా వస్తాయి. అవి వచ్చినా విండోస్‌లోని కంతలు పూడవు. ఏ కంపెనీ యాంటీవైరస్ వేసినా అంతే.

ఏడురోడ్ల రిపేర్లు

తమ్ముడి మాటే నాది కూడా. పలాస గారూ, ఉన్న క్విక్ హీలే ఈ ఏడాదికి రెన్యువల్ కోడ్‌తో పొడిగించండి, కొత్త డబ్బా కన్నా తక్కువకి వస్తది. కోట జంక్షన్ గారి కోరిక కూడా తీరుద్ది. మిగిలిన డబ్బు సర్వర్ మీద పెట్టండి. పాత సర్వర్లోంచి టాలీ డేటా బయటి హార్డ్ డిస్క్‌లోకి తీసి, ఆ డిస్క్ ఊడదీసి బీరువాలో పెట్టండి. తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్ దాన్నీ తినీస్తది. టాలీ లైసెన్సు పాత మెషీన్‌లో సరెండర్ చేసి కొత్తదాంట్లో యాక్టివేట్ చెయ్యాలి.

ఎప్పుడు అన్నది ముఖ్యం. జీఎస్టీ రిటర్నుల్లో 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ. 20 సాయంత్రం రిటర్ను వెళ్లిపోయాక మొదలెట్టండి, నెలాఖరుకి ఇంకా పది రోజులుంటాయి. కొత్త మెషీన్‌లో మినహాయింపులు పెట్టాక ఒక ఈ-వే బిల్లు, ఒక డిజిటల్ సంతకం ప్రయత్నించి చూడండి. అవి రెండూ పడితే పాత సర్వర్ ఆపండి.

పలాస పద్దులు

అలాగేనండి. కాశీబుగ్గ షాపాయనకి ఫోన్ చేశాను, 21న వస్తానన్నాడు. సర్వర్ కొటేషన్ షావుకారు గారి టేబుల్ మీద పెట్టాను. పెన్‌డ్రైవ్‌ల విషయం మేస్త్రితో నేనే మాట్లాడతాను.